మునుం ఆపిన వీరదుర్గ

దివిసీమలో ఊడుపుల కాలం వచ్చిందంటే రైతులు ముందు ఆకాశం వైపు చూస్తారు, తర్వాత కాలవ వైపు చూస్తారు, ఆ తర్వాత రేగులంక వచ్చి వీరదుర్గ గుమ్మం ముందు నిలబడతారు. మొదటి రెండూ వాళ్ళ చేతిలో లేనివి. మూడోది బతిమాలుకుంటే దొరికేది. అదీ వీరదుర్గ మనసు బాగుంటేనే.

మనిషి పొడగరి. గొంతు అంతకన్నా పొడుగు. ఈ చేలో నిలబడి పిలిస్తే మూడో చేలో వాళ్ళు పలుకుతారు. నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకి ఆమె మేస్త్రి. నీళ్ళు ముందుగా గుడివాడ వైపు పారతాయి కనక ముఠా ముందు నందివాడ, ముదినేపల్లి చేలల్లో దిగి, దివిసీమకి నీళ్ళందే వేళకి ఇంటికొస్తుంది. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ 'రేగులంక వాళ్ళు నాటితే ఒక్క నారుపోగు చావదు' అనిపించుకుని మరీ వస్తుంది. ఈ మాట వీరదుర్గ తనకి తానే చెప్పుకుంటుందని గిట్టనివాళ్ళు అంటారు. చెప్పుకుంటే మాత్రం తప్పేముంది, నిజమే కదా.

ఆ పేరుకి మూలం మునుం. ఆడవాళ్ళంతా చేనుకి అడ్డంగా వరసగా వంగి, ఎవరి ముందున్న చాలు వాళ్ళు నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆ వరసే మునుం. గట్టు నించి మొదలుపెడితే అవతలి గట్టు దాకా ఎవరూ నడుం ఎత్తకూడదు. మధ్యలో ఒకరు లేచారంటే అటూ ఇటూ ఉన్నవాళ్ళ మీద ఆ చాలు బరువు పడుతుంది, వరస వంకర పోతుంది, పక్క ముఠా వాళ్ళు పాటకట్టి మరీ ఎగతాళి చేస్తారు. 'మునుం విరగ్గొట్టింది' అన్న మాట పడటం కన్నా జ్వరంతో వంగి నాటడమే మేలనుకుంటారు రేగులంక ఆడవాళ్ళు. వీరదుర్గ మునుం ఏనాడూ విరగలేదు.

ఈ గొప్పంతా ఒక చావు దగ్గర ఆగిపోయింది.

ముఠాలో పెద్దింట్లమ్మ అని ఉండేది. నోట్లో నాలుక లేని మనిషి. కిందటేడు శ్రావణంలో నాటుతూ ఉండగా కాలికి చురుక్కుమంది. బురదలో ఇంగిలాయి ఉంటుంది, ముల్లున్న చేప, పొడిచిందంటే మంట నెత్తికెక్కుతుంది. అదే అనుకుంది. మునుం మధ్యలో ఉంది కనక ఎవరికీ చెప్పలేదు. పళ్ళ బిగువున అవతలి గట్టు దాకా నాటి, అప్పుడు కాలు చూసుకుంది. రెండు గాట్లు. అక్కడినించి నడిచి ఇంటికెళ్ళింది. ఇంటి దగ్గర్నించి మాణిక్యం అరుగు మీదకి వెళ్ళింది.

మాణిక్యం వీరదుర్గకి స్వయానా మేనమామ. తర్వాత మామగారూ అయ్యాడు. చుట్టుపక్కల లంకలన్నిటికీ పాము మంత్రం వేసే మనిషి ఆయనే. కాటు పడ్డవాళ్ళని అరుగు మీద కూర్చోబెట్టి, పచ్చిమిరపకాయ కొరికిస్తాడు. కారం తెలియలేదంటే విషం ఎక్కినట్టు. అప్పుడు మంత్రం మొదలవుతుంది. కారం తెలిసిందంటే విషం లేనట్టు; భయంలేదని చెప్పి ఇంటికి పంపిస్తాడు. ఎవరి దగ్గరా ఒక్క తమలపాకు కూడా పుచ్చుకోడు. పుచ్చుకుంటే మంత్రం పోతుందని ఆయన నియమం. కరిచేవాటిల్లో సగానికి పైగా విషంలేని పాములే కనక ఆయన అరుగెక్కినవాళ్ళు చాలామంది లేచి నడిచి వెళ్ళేవాళ్ళు. వెళ్ళనివాళ్ళకి ఆయువు తీరిందనేవాళ్ళు. ఆ లెక్కలో ఆయనకి అపకీర్తి వచ్చే దారే లేదు.

పెద్దింట్లమ్మ మిరపకాయ కొరికి 'అబ్బా, మంట' అంది. అందరూ నవ్వారు. ఆమె ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించి అన్నం వండింది. తెల్లారేసరికి చిగుళ్ళ నించి నెత్తురు. బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

*

ఆ చావు మీద బందరు నించి జీపులొచ్చాయి. బడి ఆవరణలో షామియానా వేశారు. 'పాముకాటు నివారణలో ప్రజల భాగస్వామ్యం' అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ప్రజల భాగస్వామ్యం అంటే ఏమిటో రేగులంకకి ఆ రోజే తెలిసింది: కుర్చీల్లో కూర్చోవడం, చప్పట్లు కొట్టడం, చివర్లో ఫొటోకి నిలబడటం.

మాట్లాడటానికి వచ్చినాయన డాక్టర్ గోపీనాథ్, జిల్లాలో పెద్ద హోదా. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. రక్తపింజరి కాటుకి మంత్రం లేదనీ, విరుగుడు మందు ఒక్కటే ఉందనీ, అది దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలోనే ఉందనీ, ఎంత తొందరగా వస్తే అంత మంచిదనీ చెప్పాడు. ఆలస్యంగా తెచ్చినవాళ్ళని చేతులారా పోగొట్టుకుని పోగొట్టుకుని విసిగిన మనిషి ఆయన. ఆ విసుగంతా మైకులోకి వచ్చేసింది.

"మీ పెద్దింట్లమ్మని చంపింది పాము కాదు. మీ మూఢనమ్మకం! ఆ మంత్రాలేసే మనిషి ఎవరు? వచ్చాడా? లేవండి, లేచి నిలబడండి!"

ఉతికిన పంచె కట్టుకుని ముందు వరసలో కూర్చున్న మాణిక్యం లేచి నిలబడ్డాడు. డెబ్భై దాటిన మనిషి.

"నీలాంటివాళ్ళ వల్లే జనం చస్తున్నారు. ఇంకోసారి మంత్రం వేశావని తెలిస్తే పోలీసు కేసే!"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని ఊరికే అనలేదు. ముందు వెనక వరస లేచింది, తర్వాత మధ్య వరస, తర్వాత ఊరంతా. షామియానా కింద ఫ్లెక్సీ, ప్రజల భాగస్వామ్యం, ఖాళీ కుర్చీలు మిగిలాయి. మామని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది వీరదుర్గ. ఆ రోజు ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

తర్వాత వారం ముఠా వాళ్ళకి గమ్‌బూట్లు పంపించారు. మోకాళ్ళ దాకా వచ్చే నల్లటి రబ్బరు బూట్లు. దమ్ము చేసిన చేలో బూటు వేసుకుని దిగితే కాలు బయటికొస్తుంది, బూటు లోపలే ఉంటుంది. బూట్లు ఏరుకోవడానికి ఒక పూట పట్టింది. 'ఇవి నాటితే మొలకెత్తుతాయేమో చూడండే' అంది కనకమహాలక్ష్మి, మునుంలో ఎప్పుడూ వీరదుర్గ పక్క చాలు పట్టే మనిషి. ఊరంతా నవ్వుకుంది కానీ, నవ్వి ఇంటికెళ్ళిన వీరదుర్గకి నిద్ర పట్టలేదు. మామకి జరిగిన అవమానం ఒక పక్క, పెద్దింట్లమ్మ ఒక పక్క. మామ పక్షాన నిలబడితే రేపు ముఠాలో ఇంకెవరు పోతారో తెలియదు. డాక్టర్ల పక్షాన నిలబడితే కన్నతండ్రిలా పెంచిన మనిషిని ఊరి ముందు రెండోసారి నిలబెట్టినట్టు. ఎటు దూకినా నుయ్యో గొయ్యో.

*

ఊరికి దగ్గరున్న ప్రభుత్వ ఆసుపత్రికి ఆ మరుసటేడు కొత్త డాక్టరు వచ్చింది. పేరు షీబా. గుడివాడలో పెరిగిన పిల్ల. వచ్చిన నెలకి స్కూటీ వేసుకుని, గట్టు మీద పడుతూ లేస్తూ, నేరుగా ఊడుపుల చేను దగ్గరకే వచ్చింది.

"వీరదుర్గ గారంటే ఎవరండీ? కొంచెం మాట్లాడాలి."

"మునుం నడుస్తోంది మేడం. గట్టెక్కాక మాట్లాడదాం," అంది వీరదుర్గ తల ఎత్తకుండానే.

వెళ్ళిపోతుందనుకుంది. వెళ్ళలేదు. గట్టు మీద ఎండలో కూర్చుంది. మునుం అవతలి గట్టు చేరి, ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుని కారియర్లు విప్పేదాకా అలాగే కూర్చుని ఉంది. కనకమహాలక్ష్మి మూతలో ఇంత పప్పన్నం, గోంగూర పచ్చడి పెట్టి ఇస్తే తినేసింది. అప్పుడు అడిగింది.

"నేను డాక్టర్ని. ఎవరి ప్రాణం మీదకన్నా వస్తే వచ్చానేమో అని కూడా అడగలేదేంటండీ మీరు?"

"మునుం మధ్యలో దేవుడొచ్చినా ఎవరూ లేవరండీ," అంది వీరదుర్గ గర్వంగా.

"మరి మధ్యలో ఎవరికైనా పాము కరిస్తే?"

కనకమహాలక్ష్మి మెల్లిగా అంది: "ఏ ఇంగిలాయో అనుకుంటామండీ. గట్టెక్కాక చూసుకుంటాం. పెద్దింట్లమ్మొదిన అలాగే..."

ఇదివరకు ఎవరూ ఈ మాట తనకి చెప్పలేదంది షీబా. పెద్దింట్లమ్మ ఫైల్లో 'ఆలస్యం' అని రాసి ఉందట. ఆ ఆలస్యం మంత్రం దగ్గర జరిగిందనే పైవాళ్ళంతా అనుకుంటున్నారట. అందులో మొదటి ముక్క మునుంలోనే పోయిందని వీరదుర్గకీ అప్పుడే తట్టింది. ఇన్నేళ్ళూ తను మీసం లేకుండా మెలేసిన ఆ గొప్పే పెద్దింట్లమ్మని నోరు మూసుకునేలా చేసిందన్నమాట.

షీబా చెప్పవలసింది షీబా చెప్పింది. రక్తపింజరి విషం నెత్తురుని పాడుచేస్తుంది, నాలుకని కాదు; మిరపకాయ కొరికితే కారం చక్కగా తెలుస్తుంది. తాడు బిగించి కడితే కాలు కుళ్ళుతుంది. నడిస్తే విషం పరిగెడుతుంది. ఇవన్నీ మైకులో విన్నవే. కానీ ఆ రోజు మైకు లేదు, పక్కన కూర్చుని తింటూ చెప్పింది, తెలియనిది అడిగింది. వీరదుర్గ కూడా ఎదురు ప్రశ్నలు వేసింది, కాటు పడ్డ కాలికి తను బిగించిన తాళ్ళు గుర్తొచ్చి నొచ్చుకుంది.

"అయితే ఒక్కటేనండీ చెయ్యాల్సింది," అంది షీబా. "కరవగానే ఆ తాతగారి దగ్గరకి కాకుండా నేరుగా నా దగ్గరకి రండి."

"రారు," అంది వీరదుర్గ కుండబద్దలు కొట్టినట్టు. "మా మావయ్యని తప్పించి రమ్మంటే ఒక్క మనిషి రాదు. ఆయన్ని వెంటబెట్టుకుని రమ్మంటే ఊరంతా వస్తుంది."

"ఆసుపత్రిలో మంత్రమా? నా ఉద్యోగం ఊడుతుందండీ!"

"ఆసుపత్రిలో వద్దు. ఆటోలో వేస్తాడు. మీ గేటు దాకా."

షీబా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "మిరపకాయ ఉండకూడదు. వేపాకు ఉండకూడదు. తాడు కట్టకూడదు. ఆటో ఎక్కడా ఆగకూడదు. ఒట్టి నోటి మంత్రమే."

"నోటిదే."

"అయితే నాకు వినపడలేదనుకుంటాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఊడుపుల్లో రైతుతో బేరం కుదుర్చుకున్నంత తృప్తిగా ఉంది వీరదుర్గకి. అసలు బేరం ఇంట్లో ఉందని ఇంటికెళ్ళాక తెలిసింది.

*

"మావయ్యా, ఒక మాట."

"చెప్పవే."

"ఇకనించి ఎవరికన్నా కాటు పడితే మిరపకాయ పరీక్ష వద్దు. నువ్వు కూడా ఆటో ఎక్కి ఆస్పత్రికి రా. దారిపొడుగునా మంత్రం వెయ్యి."

మాణిక్యం కోడలి వైపు తిరిగాడు. "ఆ గోపీనాథ్ గారు మైకులో అన్నమాట నువ్వు నట్టింట్లో అంటున్నావా?"

"ఆయన నిన్ను పొమ్మన్నాడు. నేను రమ్మంటున్నాను. నువ్వెక్కితేనే ఈ ఊరు ఆటో ఎక్కుద్ది మావయ్యా."

"పరీక్ష లేకుండా మంత్రం ఏంటి? మా నాన్న నేర్పిన పద్ధతి. అది తప్పంటే పెద్దింట్లమ్మని నేనే చంపినట్టు కదా."

మామ ఆ రోజు నించి ఆమెతో మాట్లాడటం మానేశాడు. అన్నం మీద అలగలేదు, కోడలి మీద అలిగాడు. 'మజ్జిగ పొయ్యమని చెప్పరా' అని తన కొడుకు, వీరదుర్గ మొగుడు రాముతో చెప్పించేవాడు. ఆటో నడిపే రాము ఇద్దరి మధ్యా నలిగి, మజ్జిగ తనే పోసేవాడు.

ఇంట్లో తేలని వ్యవహారం చేలో తేల్చుకుంది వీరదుర్గ. ముఠాని కూర్చోబెట్టి చెప్పింది: "కాలికి ఏది తగిలినా, చేపో పీతో ముల్లో మనకనవసరం, 'కుట్టింది' అని అరవాలి. అరిస్తే మునుం ఆగాలి. ఆగితే నవ్వేవాళ్ళు నవ్వుకోనీ." అందరూ తలూపారు. తలూపడానికేం, ఖర్చులేని పని.

కాటు పడ్డ మనిషి నడవకూడదు కదా, బురదలోంచి గట్టు దాకా ఎలా తేవాలన్నది తర్వాతి చిక్కు. షీబా ఆసుపత్రి స్ట్రెచరు తెప్పించింది. అది మోసేవాళ్ళు మోకాలి లోతు దిగబడిపోయారు. నారుకట్టలు లాక్కెళ్ళే ప్లాస్టిక్ పట్టా ఉంటుంది, నీళ్ళ మీద జర్రున జారుతుంది. దాని మీద మనిషిని పడుకోబెట్టి లాగుదాం అంది కనకమహాలక్ష్మి. అయితే కాలు కదలకుండా ఇటూ అటూ కర్రముక్కలు పెట్టాలంది షీబా. చూద్దాం అన్నారు. ఎవరు పడుకోవాలి? అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటుంటే డాక్టరమ్మే చెప్పులు విప్పి పట్టా మీద పడుకుంది. నలుగురు పట్టుకుని లాగారు. సగం దూరంలో పట్టా వంగి డాక్టరమ్మ బురదలో బోర్లా పడింది. ఆ నవ్వులు కరకట్ట దాకా వినపడ్డాయి. రెండోసారి పడలేదు. గమ్‌బూట్లు పంపినప్పుడు ఈ పని ఎందుకు జరగలేదంటే, అప్పుడు పంపినవాళ్ళెవరూ బురదలో దిగలేదు.

*

మూడు వారాల తర్వాత గోవర్ధనరావు గారి చేను. అది ఆ ఊరి ఆయకట్టులో చివరి చేను. మబ్బు కమ్ముకొస్తోంది. పక్క చేలో చల్లపల్లి ముఠా దిగింది. రెండు ముఠాలు పక్కపక్కన పడితే పందెం అని ఎవరూ చెప్పక్కర్లేదు. వీరదుర్గ ముఠా సగం పైన దాటింది, ముందుంది.

నారుకట్ట అందుకోవడానికి వీరదుర్గ వెనక్కి కాలు వేసింది. మడమ పైన భగ్గుమంది.

ఇంగిలాయి, అనుకుంది ముందు. అదే అయ్యుంటుంది, దాని మంటా ఇలాగే ఉంటుంది. అవతలి గట్టు కనపడుతూనే ఉంది. పక్క చేలో పాట హెచ్చింది. చెయ్యి దానంతట అది ఇంకో పోగు నాటేసింది. ఇన్నేళ్ళ అలవాటు. ఆ పోగు నాటాక పెద్దింట్లమ్మ ఏమనుకుని ఉంటుందో వీరదుర్గకి మొదటిసారి ఒంటితో తెలిసింది. తను కూడా అదే అనుకుంటోంది. అక్షరం తేడా లేకుండా. ఇవాళ తను లేవకపోతే ఈ ముఠాలో ఇంకెవరూ, ఎప్పటికీ లేవరు.

నడుం ఎత్తింది.

"కుట్టిందే! మునుం ఆపండే!"

ముందు ఎవరూ నమ్మలేదు. వీరదుర్గ మునుం ఆపమనడం ఏమిటి? తర్వాత వరసంతా ఒక్కసారిగా నడుం ఎత్తింది. కనకమహాలక్ష్మి చీరకొంగు చింపి కాలికి కట్టబోయింది.

"కట్టమాకే! నేర్చుకున్నదంతా మింగేశావా? పట్టా తే!"

పట్టా వచ్చింది. కర్రముక్కలొచ్చాయి. నారుకట్టలు పక్కకి తోసేసి మేస్త్రిని పడుకోబెట్టి లాగారు. పక్క చేలో పాట ఆగిపోయింది. గట్టెక్కేసరికి రాము ఆటో వచ్చింది. కాలు అప్పటికే ఉబ్బి మెరుస్తోంది.

కరకట్ట మీద నించి ఆసుపత్రికి వెళ్ళాలంటే ఇంటి ముందు నించే దారి. కబురు ముందే చేరింది. అరుగు ముందు జనం. ఎవరో పళ్ళెంలో పచ్చిమిరపకాయలు పట్టుకొచ్చారు. 'దింపండి, దింపండి, పరీక్ష చెయ్యాలి' అని కేకలు. జనం మధ్య ఆటో ఆగిపోయింది. రాము హారను కొడుతూనే ఉన్నాడు. వీరదుర్గ మామ వైపు చూసింది.

మాణిక్యం అరుగు దిగాడు. కోడలి కాలు చూశాడు. పళ్ళెం అందించబోయిన చేతిని పక్కకి నెట్టాడు.

"దారి తియ్యండి," అన్నాడు. ఆటో ఎక్కి కోడలి తల ఒళ్ళో పెట్టుకున్నాడు. "పోనీయ్‌రా."

దారి పొడుగునా ఆయన గొంతు ఆగలేదు. మంత్రానికి విషం దిగుతుందో లేదో వీరదుర్గకి అక్కర్లేదు ఆ వేళ. నెల రోజుల తర్వాత మామ తన తల మీద చెయ్యి వేశాడు. ఊరంతా చూస్తుండగా తన మాట మీద ఆటో ఎక్కాడు. కాలు నిప్పుల్లో పెట్టినట్టున్నా ఆమె గుండె మాత్రం పొంగింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆయన మంత్రం ఆపేశాడు. మాట ప్రకారం బయటే నిలబడిపోయాడు. షీబా పరిగెత్తుకుంటూ వచ్చింది. "మీరూ లోపలికి రండి తాతగారూ," అంది.

లోపల వీరదుర్గ చేతి నించి కాస్త నెత్తురు తీసి గాజుగొట్టంలో పోసి నిలబెట్టింది షీబా.

"ఇదేంటమ్మా?" అన్నాడు మాణిక్యం.

"పరీక్షండీ. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాలి. నెత్తురు గడ్డకడితే భయం లేదు. కట్టకపోతే విషం ఉన్నట్టు."

మాణిక్యం ఆ గొట్టం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కన్ను తిప్పలేదు. వరండాలో ఊరు ఊరంతా చేరింది, చల్లపల్లి ముఠాతో సహా, కాళ్ళ బురద కూడా కడుక్కోకుండా. కిటికీల నిండా మొహాలు. వేళయ్యాక షీబా గొట్టం తీసి మెల్లిగా వంచింది. నెత్తురు నీళ్ళలా అటు పారింది, ఇటు పారింది.

షీబా నోరు తెరవకముందే మాణిక్యం లేచి కిటికీ వైపు తిరిగాడు. అరుగు మీద ఎన్నో ఏళ్ళుగా తీర్పు చెప్పే గొంతుతోనే, అందరికీ వినపడేలా అన్నాడు:

"విషం ఉంది. మందెక్కించండమ్మా."

ఆ తర్వాత రేగులంకలో పాముకాటుకి ఎక్కడికెళ్ళాలన్న మాట మళ్ళీ చర్చకి రాలేదు.

*

మందు ఎక్కించి, బందరు పెద్దాసుపత్రికి పంపారు. కాలు నిలబడింది, మనిషీ నిలబడింది. అక్కడ గోపీనాథ్ గారు స్వయంగా మంచం దగ్గరకి వచ్చాడు.

"చాలా తొందరగా తీసుకొచ్చారమ్మా. ఇంత తొందరగా నా దగ్గరకి ఎవరూ రాలేదు. ఎవరు చెప్పారు మీకు?"

"మీరే చెప్పారండీ, మైకులో. వినబుద్ధి కాలేదు. మేడం అడిగారు. చెప్పబుద్ధయ్యింది."

ఆయన ఏమనుకున్నాడో కానీ, కోపం తెచ్చుకోలేదు. "మీ మామగారితో మాట్లాడాలి," అన్నాడు.

"ఆయన స్టేజీలెక్కే మనిషి కాదండీ. మీరే మా అరుగు మీదకి రావాలి."

వెళ్ళాడు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. మర్నాడు మాత్రం మాణిక్యం 'అమ్మాయ్, మజ్జిగ పొయ్యి' అని నట్టింట్లోంచి నేరుగా కోడలినే కేకేశాడట, ఆమె బందరు ఆసుపత్రిలో ఉందన్న సంగతి మరిచిపోయి. ఇప్పుడు చల్లపల్లి ముఠా, కోడూరు వైపు ముఠాలు కూడా 'కుట్టింది' అంటే మునుం ఆపుతున్నాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి వీరదుర్గ ఏ మాత్రం మొహమాటపడదు. ఎవరన్నా చెప్పడం మరిచిపోతే తనే గుర్తుచేస్తుంది.

ఆ రోజు ముఠా అంతా ఆటో వెనకే ఆసుపత్రికి పరిగెత్తింది కనక గోవర్ధనరావు గారి చేలో నాటకుండా మిగిలిన ముక్క అలాగే ఉండిపోయింది. మేస్త్రి లేకుండా దాన్ని ముట్టుకునేది లేదన్నారు ఆడవాళ్ళు. ఆమె కోలుకుని వచ్చాకే నాటారు. దాంతో కార్తీకం వచ్చేసరికి చేనంతా బంగారంలా పండింది, ఆ ముక్క మాత్రం పచ్చగా ఉంది. కోత మిషను చేనంతా కోసి ఆ ముక్క వదిలేసి వెళ్ళిపోయింది. "మొత్తానికి నా చేలో మచ్చ పెట్టావు వీరదుర్గా," అన్నాడు గోవర్ధనరావు గారు నవ్వుతూ.

"పెట్టానండీ బాబాయిగారూ. దివిసీమంతా చూపించండి," అంది వీరదుర్గ.

ఆ కాస్త ముక్క కోయడానికి ఒకరిద్దరు చాలు. అయినా పండిన రోజున కొడవళ్ళు పట్టుకుని ముఠా ముఠా అంతా వచ్చింది. వీరదుర్గ గట్టు మీద నిలబడి వరస చూసుకుంది. ఈ ఏడు ఒక్క మనిషి తగ్గలేదు.